పడవలకూ ఒక లైన్ క్లియర్

ఆ వారం రోజులూ సింగ్‌నగర్ ఫ్లైఓవరే బెజవాడకు రేవు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున బుడమేరు నీళ్లు వాకిళ్లలోకి వచ్చినప్పుడు ‘కాసేపట్లో తీస్తాయిలే’ అనుకున్నవాళ్లు చూస్తుండగానే డాబాలెక్కారు. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ అన్నీ ఒకటే చెరువు. రాయనపాడు రైల్వే స్టేషన్ కూడా నీట మునిగింది. ఫ్లైఓవర్ వాలు ఎక్కడ నీళ్లలోకి దిగిపోయిందో అక్కడే ఒడ్డు. పడవలు అక్కడినుంచే బయలుదేరేవి, మనుషుల్ని అక్కడే దించేవి.

ఆ ఒడ్డున ఎవరెవరు ఉన్నారో ఒకసారి లెక్కపెట్టుకుందాం. నారింజ రంగు దుస్తుల్లో జాతీయ విపత్తు స్పందన దళం, అంటే ఎన్డీఆర్‌ఎఫ్. పక్కనే రాష్ట్ర దళం ఎస్డీఆర్‌ఎఫ్. అగ్నిమాపక శాఖ, పోలీసులు, నగరపాలక సంస్థ. తీరప్రాంతాల నుంచి పడవలు తెచ్చిన మత్స్యకారులు. పైన హెలికాప్టర్లు, వాటి కింద ఆహార పొట్లాలు మోస్తున్న డ్రోన్లు. ట్రాక్టర్ల మీద వచ్చిన కుర్రాళ్లు, లారీ ట్యూబులు కట్టుకుని ఈదుతున్నవాళ్లు, అన్నం ప్యాకెట్లతో స్వచ్ఛంద సంస్థలు. ధైర్యానికి లోటు లేదు. రెండో రోజు దాటాక పడవలకూ పెద్దగా లోటు లేదు. అయినా ముందు సందులకు రెండుసార్లు, మూడుసార్లు అందిన సాయం వెనక సందులకు చాలా ఆలస్యంగా చేరింది. ఆ రోజుల్లో పేపర్లు చదివినవాళ్లందరికీ ఇది గుర్తుండే ఉంటుంది.

పదిమంది చేతిలో పాము చావదని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. పదిమందీ చేతగానివాళ్లయితే అది మామూలు విషయం. పదిమందీ సమర్థులే అయినా పాము ఎందుకు తప్పించుకుంటుంది? దీన్ని అర్థం చేసుకోవడానికి గణితం, మనస్తత్వశాస్త్రం, రేడియో, రైల్వే అన్నీ కావాల్సి వచ్చాయి. నా మటుకు నాకు తేలింది ఇది: రక్షణ బృందాల పనితనం బృందం లోపల కన్నా బృందానికీ బృందానికీ మధ్య ఉన్న అతుకు దగ్గర తేలుతుంది. బట్ట చిరిగితే చిరిగేది అక్కడే.

ముందు నీళ్ల సంగతి కొంచెం. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. దాన్ని వెలగలేరు దగ్గర రెగ్యులేటర్‌తో ఆపి, వరదను డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలోకి, ప్రకాశం బ్యారేజీకి ఎగువకు మళ్లించే ఏర్పాటు ఉంది. కృష్ణ ఖాళీగా ఉన్నప్పుడు ఇది బాగానే పనిచేస్తుంది. ఆ వారం కృష్ణ ఖాళీగా లేదు. సెప్టెంబరు 2న బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి; 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డు చెరిగిపోయింది. నది నిండుగా ఉంటే కాలువ నీటిని తీసుకోదు, వెనక్కి తంతుంది. డైవర్షన్ కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం కూడా వచ్చి చేయి వేస్తే మూడో గండి సెప్టెంబరు 7న పూడింది. అప్పటిదాకా పడవల్లో ఉన్నవాళ్ల కింద నీళ్లు పెరుగుతాయో తగ్గుతాయో చెప్పగలిగింది గండి దగ్గరున్న ఇంజనీరు ఒక్కడే. అంటే నీటిపారుదల శాఖ కూడా రక్షణ బృందమే. ఈ సంగతి ఏ జాబితాలోనూ కనిపించదు.

బుడమేరు నీళ్లు రావడానికి ముందురోజే, ఆగస్టు 31న, మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి కొందరు చనిపోయారు. ఒకే నగరం, ఒకే వాన. ఒకచోట శిథిలాల కింద వెతకాలి, ఇంకోచోట నీళ్ల మీద వెతకాలి. రెండింటి పనిముట్లు వేరు, పద్ధతులు వేరు, చివరికి ఈలలు కూడా వేరు. ఈలల సంగతి తర్వాత చెబుతాను.

వెతకడం అనేది ఒక శాస్త్రమని రెండో ప్రపంచయుద్ధం దాకా ఎవరూ పట్టించుకోలేదు. సముద్రంలో జలాంతర్గాముల కోసం విమానాలు ఎలా తిరగాలో లెక్కగట్టడానికి అమెరికా నౌకాదళం కొందరు గణితవేత్తల్ని కూర్చోబెట్టింది. వాళ్లలో బెర్నార్డ్ కూప్‌మన్ ముఖ్యుడు. ఆయన వేసిన పునాది మీదే ఇవాళ్టికీ తప్పిపోయిన పడవల్నీ, కూలిన విమానాల్నీ వెతుకుతున్నారు. సూత్రం చాలా తేలిక. మనిషి దొరికే అవకాశం రెండింటి లబ్ధం: ఆ మనిషి ఆ చోట ఉండే సంభావ్యత ఒకటి, ఉంటే మన కంట పడే సంభావ్యత ఇంకొకటి.

దీన్ని మన సందుల్లోకి తెచ్చుకుందాం. ఊరికే లెక్క కోసం రెండు సందులు అనుకోండి. ఒక్కో సందులో కేక వేయలేనివాళ్లు, అంటే మంచానపడ్డ ముసలివాళ్లు, ఒంటరిగా ఉన్న బాలింతలు, ఇరవై మంది చొప్పున ఉన్నారు. ఒక పడవ ఒక్కసారి సందంతా తిరిగితే వందకు అరవై మందిని కనిపెడుతుంది. రెండు పడవలున్నాయి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియక రెండూ ముందు సందులోకే వెళ్లాయి. మొదటి పడవకు పన్నెండు మంది దొరికారు. మిగిలింది ఎనిమిది మంది. వాళ్లలో రెండో పడవకు దొరికేది ఐదుగురు. మొత్తం పదిహేడు. అదే సందుకో పడవ వెళ్లి ఉంటే పన్నెండూ పన్నెండూ ఇరవై నాలుగు. అవే పడవలు, అదే డీజిలు, అదే కష్టం. మధ్యలో ఒక కబురు లేకపోవడం ఖరీదు ఏడుగురు.

ఇందులో ఇంకో మడత ఉంది. రెండో పడవ ఐదుగుర్ని పట్టుకుంటుందన్న లెక్క కూడా, అది మొదటి పడవలా కాకుండా తనదైన తీరులో వెతికితేనే. రెండూ ఇంజను మోత పెట్టుకుని నడిసందులోనుంచే వెళ్తే, మొదటిదానికి వినిపించని మూలుగు రెండోదానికీ వినిపించదు. అందుకే అనుభవజ్ఞులు రెండోసారి వెతకడమంటే పద్ధతి మార్చి వెతకడమంటారు: ఇంజను ఆపి, తెడ్డుతో నెమ్మదిగా, ప్రతి నాలుగు ఇళ్లకూ ఆగి పిలిచి, చెవి పెట్టి వినడం. లేదా మెట్లెక్కి తలుపు తట్టడం. కానీ ఇది రెండోసారి అని తెలిస్తే గదా పద్ధతి మార్చేది!

ఈ లెక్కలో అందరూ తేలిగ్గా తీసుకునేది ‘వెతికాం, ఎవరూ లేరు’ అన్న మాట. ఒడ్డుకు వచ్చిన పడవను ఎంతమందిని తెచ్చావని అడుగుతాం. ఖాళీగా వస్తే ఎవరూ ఏమీ అడగరు. కూప్‌మన్ లెక్క ప్రకారం ఖాళీ పడవ కూడా విలువైన సరుకే మోసుకొచ్చింది. ఆ సందులో మనుషులుండే అవకాశం తగ్గింది, కాబట్టి పక్క సందులో ఉండే అవకాశం పెరిగింది. ఆ కబురును ఒడ్డున ఒకరు అందుకుని పటం మీద రాయాలి. రాయకపోతే ఆ పడవ తిరిగిన తిరుగుడంతా నిజంగానే ఖాళీ.

శిథిలాల దగ్గర ఈ రాతకు ఒక పద్ధతి ఉంది. 1985 మెక్సికో, 1988 ఆర్మీనియా భూకంపాల్లో దేశదేశాల బృందాలు వచ్చి ఒకదాని మీద ఒకటి పడ్డ అనుభవంతో, 1991లో ఐక్యరాజ్యసమితి గొడుగు కింద ఇన్సరాగ్ అనే అంతర్జాతీయ సలహా బృందం ఏర్పడింది. వాళ్ల పద్ధతిలో, వెతికిన భవనం గోడమీద స్ప్రే రంగుతో దాదాపు మీటరు చదరం గీస్తారు. ఏ బృందం వెతికింది, ఎప్పుడు వెతికింది, ఎంతమందిని బతికించి తీశారు, ఎన్ని మృతదేహాలు దొరికాయి, లోపల ఏ ప్రమాదం ఉంది అన్నవి ఆ చదరం లోపలా బయటా రాస్తారు. తర్వాత వచ్చినవాడు ఏ దేశం వాడైనా, ఏ భాషవాడైనా గోడను చదివి ముందుకు పోవచ్చు. 2005లో కత్రినా తుపాను తర్వాత న్యూ ఆర్లీన్స్ ఇళ్ల గోడల మీద కనిపించిన పెద్ద ఇంటూ గుర్తులు కూడా ఇలాంటివే.

వరదలో గోడ పనికిరాదు. ఇవాళ రాసింది రేపు నీళ్ల కిందకు పోవచ్చు. నాకైతే బాల్కనీ గ్రిల్లుకు రంగు గుడ్డ కట్టడమే మేలనిపిస్తుంది. మనుషులు ఖాళీ అయితే ఒక రంగు, ఉన్నారు గానీ దిగిరామంటే ఇంకో రంగు. దిగిరామనేవాళ్లు చాలామందే ఉంటారు. సామాన్లు వదిలి రాలేనివాళ్లు, పై అంతస్తులో క్షేమంగా ఉన్నాం మంచినీళ్లిస్తే చాలనేవాళ్లు. వాళ్లకు రక్షించే పడవ అక్కర్లేదు, సరుకుల పడవ కావాలి. ఏ గుమ్మానికి ఏ పడవో తెలియకపోతే ఎక్కించుకునే పడవ వెళ్లి ఖాళీగా తిరిగొస్తుంది, పాలప్యాకెట్ల పడవ వెళ్లి రోగిని చూసి నిస్సహాయంగా నిలబడుతుంది.

పటం అన్నాను గదా, అక్కడే ఇంకో అతుకు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన జవాను చేతిలో ఉన్నది జీపీఎస్. ఫోనులో మొరపెట్టుకునే ఇల్లాలి చేతిలో ఉన్నది ‘మిల్క్ ప్రాజెక్టు వెనక, మసీదు దాటాక రెండో సందు, వేపచెట్టున్న డాబా’. రెండూ నిజమైన చిరునామాలే, కానీ ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే మనిషి పడవలో ఉండాలి. పైగా నీళ్లొచ్చాక సందు ఆనవాళ్లు మారిపోతాయి. ప్రహరీ గోడలు, ఆగిపోయిన ఆటోలు, కాలువ మూతలు అన్నీ నీళ్ల కిందే. గాలి నింపిన రబ్బరు పడవకు గేటు మీది ఇనప శూలం చాలు. 2018 ఆగస్టు వరదల్లో కేరళ మత్స్యకారులు సముద్రపు పడవల్ని లారీలకెక్కించి ఊళ్లలోకి తెచ్చి వేలమందిని కాపాడినప్పుడు, వాళ్లకు అలలు తెలుసు గానీ ఆ సందులు తెలియవు. దారి చూపింది ఆ ఊరి కుర్రాళ్లు. పడవ ఒకరిది, దారి ఇంకొకరిది. ఏ బృందమైనా ముందు చేయాల్సింది స్థానికుడొకర్ని ముందు కూర్చోబెట్టుకోవడం. ఖర్చు సున్నా.

ఇక ఈలలు. కూలిన భవనం దగ్గర మూడు పొట్టి ఈలలు వినిపిస్తే అందరూ వెంటనే బయటకు పరుగెత్తాలి. ఒక పొడుగు ఈల వేస్తే పని ఆపి నిశ్శబ్దంగా ఉండాలి. శిథిలాల కింది గొంతు వినడానికి. ఒక పొడుగు, ఒక పొట్టి అయితే మళ్లీ పని మొదలు. ఇన్సరాగ్ సంకేతాలివి. వేగంగా పారే నీటిలో రక్షణకు ఇచ్చే శిక్షణల్లో లెక్క వేరు: ఒక ఈల అంటే ఆగు, నా వైపు చూడు, రెండంటే ఎగువకు చూడు, మూడంటే దిగువకు చూడు. ఇప్పుడు మొగల్రాజపురం కొండ కింద పనిచేసిన బృందం మర్నాడు సింగ్‌నగర్ నీళ్లలో దిగిందనుకోండి. మూడు ఈలలు వింటే ఒకడు పడవలోంచి దూకబోతాడు, ఒకడు దిగువకు తిరిగి చూస్తాడు. రెండు పద్ధతులూ మంచివే. అవి ఒకేచోట కలిసినప్పుడు చెడ్డవవుతాయి. పని మొదలెట్టే ముందు రెండు నిమిషాలు నిలబడి ‘మన ఈలలివి’ అని అనుకుంటే సరిపోయేది.

మాట దాటకపోతే ఏమవుతుందో ప్రపంచమంతా 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో చూసింది. దక్షిణపు టవర్ కూలిపోయాక, ఉత్తరపు టవర్ కూడా నిలిచేలా లేదని పోలీసు హెలికాప్టర్లలోంచి చూసినవాళ్లు తమ రేడియోలో చెప్పారు. లోపల మెట్ల మీద ఉన్న అగ్నిమాపక సిబ్బంది రేడియోలు వేరు. ఆ మాట వాళ్లకు నేరుగా చేరే దారి లేదు. ఆ రోజు మొత్తం 343 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. అందరూ ఆ ఒక్క కారణంతోనే పోలేదు. కానీ ఒకే నగరం డబ్బుతో నడిచే రెండు శాఖలు పక్కపక్కన నిలబడి కూడా ఒకరి మాట ఒకరు వినలేకపోవడం ఆ దేశాన్ని చాలాకాలం పీడించింది.

అమెరికాకు ఈ పాఠం కొత్తదేమీ కాదు. 1970లో కాలిఫోర్నియాలో పదమూడు రోజులు అడవులు తగలబడ్డాయి. 16 మంది చనిపోయారు, ఏడు వందలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. తర్వాత కూర్చుని విచారిస్తే మంటలార్పే పరికరాల కొరత పెద్దగా బయటపడలేదు. ఒక్కో శాఖ ఒక్కో సంకేత భాష వాడటం, పటాలు వేరు కావడం, ఎవరు ఎవరికి ఆజ్ఞ ఇవ్వాలో తెలియకపోవడం బయటపడ్డాయి. అందులోంచి పుట్టిందే ఇన్సిడెంట్ కమాండ్ పద్ధతి. మన జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ దాన్ని మన పాలనా వ్యవస్థకు తగ్గట్టు మార్చి, 2010లో ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ పేరుతో మార్గదర్శకాలిచ్చింది. జిల్లాలో బాధ్యత కలెక్టరుది. ఆయన కింద ఒక కమాండరు. ఆ కమాండరు కింద పని చేసేవాళ్లు వేరు, ప్రణాళిక రాసేవాళ్లు వేరు, సరంజామా చూసేవాళ్లు వేరు. ఒక మనిషి కింద ముగ్గురి నుంచి ఏడుగురి దాకానే ఉండాలి, ఐదుగురైతే మేలు. సంకేతాలు వద్దు, మామూలు మాటల్లో చెప్పాలి.

ఎందుకు ఐదు? గణితం చూడండి. పది బృందాలు ఎవరికి వారు మిగతా అందరితో మాట్లాడుకోవాలంటే 45 జతలు. ఇరవై బృందాలైతే 190. రెట్టింపు బృందాలకు నాలుగు రెట్లకు పైగా మాటలు! అదే మధ్యలో ఒక బల్ల వేసి కూర్చుంటే పదికి పది, ఇరవైకి ఇరవై. కానీ ఆ బల్ల దగ్గరి మనిషి ఇరవై గొంతులు వినలేడు. అందుకే ఐదుకొకరు, ఆ ఐదుగురికి ఒకరు. 2024 వరదల్లో ముఖ్యమంత్రి ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేట్‌లోనే మకాం పెట్టి, డివిజన్‌కో సీనియర్ అధికారిని బాధ్యుడిగా వేయడం వెనక ఉన్న లెక్క ఇదే. ఆ ఏర్పాటు వరద వచ్చాక తయారైంది. ముందే ఉండాల్సింది.

ఈ లెక్కలన్నీ చదువుతుంటే నాకు మన ఊరి స్టేషనే గుర్తొచ్చింది. బెజవాడ రైలు పట్టాలు అల్లుకున్న ఊరు. ఒక స్టేషన్ మాస్టరు పక్క స్టేషన్‌కు బండి పంపాలంటే ‘లైన్ క్లియర్’ అడగాలి. అవతలి మాస్టరు ఊరికే ‘సరే’ అంటే కుదరదు. ఆయన దగ్గర అంకెల పట్టీ ఉంటుంది. అందులోంచి ఒక ప్రైవేట్ నంబరు చెబుతాడు. ఇవతలాయన అది రాసుకుంటాడు. ఆ అంకె రాసి ఉందంటే ఆ మాట నిజంగా దాటిందని అర్థం. విద్యుత్ శాఖలోనూ ఇదే మాట ఉంది. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుంటాడు, అంటే లైన్ క్లియరే. సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపామని చెప్పి, రాసుకున్నాక గానీ తీగ ముట్టడు. పని అయ్యాక ఎల్‌సీ తిరిగి ఇచ్చాకే కరెంటు వదులుతారు.

వరద నీళ్లలో పడవ మీద నిలబడ్డ మనిషి తలకు తీగలు అందే ఎత్తులో ఉంటాయి. ఆ సందులో కరెంటు ఆగిందో లేదో తేల్చాల్సింది ఎక్కడో సబ్‌స్టేషన్‌లో ఉన్న మనిషి. నీళ్లు తీశాక ఎవరో ఒత్తిడి చేశారని లైను వదిలితే? అందుకని నీటిపారుదల ఇంజనీరు పక్కన లైన్‌మన్‌ని కూడా బృందంలో రాసుకోండి. నా మాట అడిగితే, రక్షణ శిక్షణ ఇచ్చేవాళ్లు మన రైల్వే మాస్టర్లనూ లైన్‌మన్లనూ పిలిచి ఒక పూట పాఠం చెప్పించుకోవాలి. చెప్పినమాటను తిరిగి చెప్పించుకోవడం మీద పాశ్చాత్య దేశాల్లో బోలెడంత పరిశోధన ఉంది. మన దగ్గర అది తరాలుగా ఉద్యోగం. ‘నాలుగో సందు, చివరి డాబా, ఇద్దరు, ఒకరు నడవలేరు’ అని రేడియోలో చెబితే, అవతలినుంచి ‘ఓకే ఓకే’ వస్తే మాట దాటలేదనే లెక్క. ‘నాలుగో సందు, చివరి డాబా, ఇద్దరు, ఒకరికి స్ట్రెచరు’ అని తిరిగి వస్తేనే లైన్ క్లియర్.

మనస్తత్వశాస్త్రంలో ఒక చక్కటి ఊహ ఉంది. 1980లలో డేనియల్ వెగ్నర్ అనే శాస్త్రవేత్త చెప్పాడు: కలిసి బతికే మనుషులు జ్ఞాపకాన్ని పంచుకుని దాచుకుంటారని. పెళ్లింట్లో చూడండి. మంగళసూత్రం ఏ పెట్టెలో ఉందో అందరికీ తెలియక్కర్లేదు. అది పెద్దత్తయ్యకు తెలుసన్న సంగతి అందరికీ తెలిస్తే చాలు. ముహూర్తానికి అందరూ పెద్దత్తయ్య వైపే చూస్తారు. కలిసి చాలాకాలం పనిచేసిన బృందంలో ఈ సౌకర్యం ఉంటుంది. ఎన్డీఆర్‌ఎఫ్ జట్టులో దాదాపు 45 మంది ఉంటారు. తాడు ఎవరు కట్టాలి, కుక్కను ఎవరు నడపాలి, వైద్యం ఎవరిదో వాళ్లకు నిద్రలో కూడా తెలుసు. చిక్కు ఎక్కడంటే, ఆ రోజే మొదటిసారి కలిసిన పది జట్లకు ఈ పెద్దత్తయ్య ఎవరో తెలియదు. రేవులో ఏ పడవకు ఇంజను లేదు, ఎవరి దగ్గర స్ట్రెచరు ఉంది, ఏ డాక్టరు ఏ ఒడ్డున ఉన్నాడు. ఈ తెలివి ఒక్కరోజులో పుట్టదు. ముందెప్పుడో, ఎండాకాలంలో, పని లేని రోజున కలిసి టీ తాగితే పుడుతుంది. మాక్ డ్రిల్లు అంటే ఫొటోలకు నిలబడటమని మనలో చాలామందికి చులకన. నిజానికి డ్రిల్లులో తాడు కట్టడం కన్నా పక్కవాడి పేరు తెలుసుకోవడం ముఖ్యం.

ఇక జాబితాలో లేనివాళ్లు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పర్యాటకుల పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయినప్పుడు, మొదట నీళ్లలోకి వెళ్లింది అక్కడి మత్స్యకారులు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగితే, 26 మందిని ఒడ్డుకు చేర్చింది పక్కనున్న తూటుగుంట గ్రామస్థుల నాటు పడవలు. తర్వాత నౌకాదళం వచ్చింది, సోనార్లు వచ్చాయి. సుడులు తిరిగే ఆ లోతు నుంచి లాంచీని చివరికి అక్టోబరు 22న పైకి లాగింది మాత్రం లంగర్లు, ఇనప తాళ్లతో వచ్చిన కాకినాడ ధర్మాడి సత్యం బృందం. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే, హెలికాప్టరు రాలేని వాతావరణంలో వాళ్లను రాత్రి పూట తెచ్చింది ఒక జేసీబీ డ్రైవరు. ఇవి విని ‘చూశారా, ప్రభుత్వ బలగాలు దేనికి?’ అనేవాళ్లతో నేను ఏకీభవించను. మొదటి గంట ఎప్పుడూ పక్కింటివాడిదే, ప్రపంచంలో ఎక్కడైనా. రెండో గంట నుంచి శిక్షణ పొందినవాళ్లు కావాలి. ఈ ఇద్దరి మధ్య అతుకు ఎలా వేస్తామన్నదే ప్రశ్న. మత్స్యకారుల పేర్లు, పడవల లెక్క, జేసీబీల లెక్క వాన రాకముందే కలెక్టరేట్ బల్ల మీద ఉండాలి. వచ్చిన బలగం ముందు వాళ్లను పక్కకు నెట్టకుండా, మీరేం చూశారని అడగాలి.

అతుకులెంత బాగున్నా అన్నీ గెలవలేమన్నదీ చెప్పుకోవాలి. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. ప్రవేశద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల. సైన్యం, నౌకాదళం, ఎన్డీఆర్‌ఎఫ్, సింగరేణి గని రక్షణ జట్లు, ఉక్కు కోయడానికి రైల్వే, భూగర్భ రాడార్‌తో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ, మృతదేహాల వాసన పసిగట్టే కేరళ పోలీసు శునకాలు, అందరూ వచ్చారు. దారి ఒక్కటే కాబట్టి అక్కడ సందుల పంపకం కుదరదు, వరుస కుదరాలి. సొరంగం తవ్వే యంత్రాన్ని ముక్కలుగా కోస్తే గానీ బురద తీయలేరు, నీరు తోడితే గానీ కుక్క వాసన పట్టలేదు. వారాల తరబడి పోరాడితే రెండు మృతదేహాలు దొరికాయి. 2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్క్యారాలో మాత్రం, ఒక్కో సంస్థకు ఒక్కో దారి అప్పగించి ఏకకాలంలో తవ్వించారు. పదిహేడో రోజు 41 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. అక్కడి కొండకూ ఇక్కడి కొండకూ తేడా ఉంది. జట్ల సమన్వయం కొండను మార్చలేదు.

మనం మరిచిపోయే అతుకు ఇంకొకటుంది, అది పగటికీ రాత్రికీ మధ్య. పన్నెండు గంటలు నీళ్లలో నానిన మనిషి ఒడ్డుకొచ్చి కూలబడతాడు; కొత్త జట్టు పడవ అందుకుంటుంది. పాత జట్టు తలలో ఉన్న పటం అక్కడితో పోతుంది. ఏ మేడ మీద ఇన్సులిన్ అడిగారు, ఏ గోడ కూలేలా ఉంది, రేపు వస్తామని ఏ అవ్వకు మాటిచ్చారు. దిగేవాడు ఎక్కేవాడికి ఐదు నిమిషాలు చెప్పి, అతని చేత తిరిగి చెప్పించుకుని వెళ్లాలి. అలసిపోయినవాడికి ఆ ఐదు నిమిషాలే అన్నిటికన్నా కష్టం.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది చనిపోయారు. తీగలు తెగి, దారులు పోయి, లోపల ఏం జరిగిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియనే లేదు. అప్పుడు మనకు విపత్తు చట్టం లేదు, ప్రత్యేక దళం లేదు. 2005లో చట్టం వచ్చింది, 2006లో ఎన్డీఆర్‌ఎఫ్ వచ్చింది. దాని పదో బెటాలియన్ ఇప్పుడు గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉంది. దాని ప్రాంగణాన్నీ, పక్కనే విపత్తు నిర్వహణలో శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఐడీఎం దక్షిణ భారత ప్రాంగణాన్నీ 2025 జనవరి 19న ప్రారంభించారు. సింగ్‌నగర్ నుంచి అక్కడికి ఎంతో దూరం లేదు. నేర్పేవాళ్లూ, నేర్చుకోవాల్సినవాళ్లూ ఒకే డెల్టాలో ఉన్నారు. వార్డు సిబ్బంది, రేవు పడవలవాళ్లు, సబ్‌స్టేషన్ లైన్‌మన్లు ఏడాదికోసారి, వానలకు ముందు, ఆ ప్రాంగణంలో ఒక రోజు గడపడానికి అడ్డేమిటో నాకు కనిపించడం లేదు.

ఇక చదువుతున్న మీకు ఒక మాట. అత్యవసరానికి 112, విపత్తులకు 1070 నంబర్లు ఫోనులో ఉంచుకోండి. ఫోనులో చిరునామా చెప్పేటప్పుడు ఎంతమంది ఉన్నారో, ఎవరు నడవలేరో ముందు చెప్పండి. చెప్పింది వాళ్ల చేత తిరిగి చెప్పించుకోండి. మిమ్మల్ని ఎవరైనా తీసుకొస్తే, సాయం కోసం మీరు మొరపెట్టుకున్న ప్రతి నంబరుకూ, ప్రతి వాట్సాప్ గ్రూపుకూ ‘మేం వచ్చేశాం’ అని కబురు పెట్టండి. లేకపోతే మీ ఖాళీ ఇంటికోసం ఇంకో పడవ బయలుదేరుతుంది. పడవ దిగగానే, తల తుడుచుకోకముందే, మీ సందులో ఇంకా ఎవరు మిగిలారో ఒడ్డున రాసుకునే మనిషికి చెప్పండి. రాసుకునే మనిషి అక్కడ లేకపోతే, ఒక కాగితం, పెన్నూ అడిగి తీసుకుని మీరే కూర్చోండి.